పరీక్షించినవారు: మనస్వి

నవంబర్ 3, సోమవారం

ఈరోజు ఆఫీసులో నన్ను పోలీసును చేశారు. జీతం మాత్రం ఇంజినీరుదే.

మా పెట్టె నెమ్మదించింది. ఆసుపత్రుల్లో స్కాన్ బొమ్మలు దాచే పెట్టె. మా కంపెనీ అమ్మేది అదొక్కటే, మేమంతా బతికేదీ దాని మీదే. పెట్టెలో అన్నిటికీ అడుగున నడిచే కెర్నల్‌ను ఈసారి కొత్త వెర్షన్‌కు మార్చాం. వేగం పెరిగిందని కస్టమర్లకు పోస్టర్లు పంపాం. పోస్టర్లు వెళ్లాక కొలిచి చూస్తే పాతదానికన్నా పద్నాలుగు శాతం నెమ్మది. మా దగ్గర పనులు ఈ వరుసలోనే జరుగుతాయి.

మేనేజర్ కార్తికేయన్ మీటింగ్ పెట్టాడు. ఏ మార్పు వల్ల ఇలా అయిందని అడగలేదు. ఎవరి వల్ల అయిందని అడిగాడు, తమిళంలో, ఎంతో ప్రేమగా. పాత కెర్నల్‌కూ కొత్తదానికీ మధ్య నాలుగు వేల పైచిలుకు ప్యాచ్‌లు, అంటే చిన్నచిన్న మార్పులు, ఉన్నాయి. ఎక్కువభాగం ప్రపంచంలో ఎవరెవరో రాసినవి, చివర్లో ఓ వంద మావి. నెలాఖరుకు పెట్టెలు ఆసుపత్రులకు వెళ్లాలి. అంతలోపల దోషిని నేను పట్టివ్వాలి.

ఈ డైరీ తెలుగులో రాయడం భాషాభిమానం కాదు. రైల్లో పక్కవాళ్లు తొంగిచూస్తారు. తిరుత్తణిలో తెలుగు మీడియం చదివిన చివరి పిచ్చివాళ్లలో నేనొకదాన్ని. రఘు బావ తెలుగు గంటలకొద్దీ మాట్లాడతాడు, ఒక్క అక్షరం గుర్తుపట్టడు. ఇంతకన్నా మంచి తాళం బజారులో దొరకదు.

నవంబర్ 4, మంగళవారం

రోజూ లోకల్‌లో నేను తిరుత్తణిలో ఎక్కుతాను, కడంబత్తూరులో ఎస్తేర్ ఎక్కుతుంది, తిరువళ్ళూరులో బావ ఎక్కుతాడు. ముగ్గురమూ ఒకే టీమ్. అంబత్తూరులో దిగేదాకా ఆఫీసు గురించి మాట్లాడం అని ఒప్పందం. ఎక్కిన నిమిషం నుంచి అదే మాట్లాడతాం.

రఘు బావ మా అక్క మునిలక్ష్మి మొగుడు. ఈ ఉద్యోగం నాకు ఆయనే ఇప్పించాడు. అంటే నా రెజ్యూమేను ఒకరికి ఫార్వర్డ్ చేశాడు. మా ఇంట్లో దీన్ని చెప్పేటప్పుడు ఆయన నన్ను వరదలోంచి భుజాన వేసుకుని తెచ్చినంత చెబుతారు.

ఎస్తేర్ కాంట్రాక్టు మనిషి. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో లైన్‌లో నిలబడి బోర్డులు టెస్ట్ చేస్తూ సాయంత్రాలు చదివి ఇంజినీరయింది. డిసెంబర్ ఒకటి నుంచి పర్మనెంట్ అని కార్తికేయన్ నోటిమాటగా చెప్పాడు. వాళ్లమ్మ పొన్నమ్మ ఆ నోటిమాటను నమ్మి, ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పేసింది. నా బిడ్డకు దేవుడు స్థిరమైన పని ఇచ్చాడని. ఊరంతా ఆమెన్ అన్నదట.

ఎక్కగానే ఎస్తేర్ అడిగింది. "ఎవురిదని తేలింది?"

"ఇంకా మొదలే పెట్టలే."

"మొదలుపెట్టకముందే అందురూ నా పక్క చూస్తా ఉండారే."

బావ నవ్వాడు. "అట్లంతా ఏం లేదు పాపా. పర్మనెంట్ అయ్యేముందర కొంజం దిష్టి తగల్తాది. అంతే."

ఎస్తేర్ నవ్వలేదు. కాంట్రాక్టు వాళ్లంటే దిష్టికి కూడా చులకనే.

నవంబర్ 6, గురువారం

అమ్మ అడిగింది, పొద్దస్తమానం ఆ ల్యాప్‌టాప్‌లో ఏం వెతుకుతున్నావని. చెప్పాను. నాలుగు వేల మార్పులు వరుసగా ఉన్నాయి, వాటిలో ఒకటి చెడింది. నడిమిది తీసుకుని కెర్నల్ కట్టి కొలుస్తాను. వేగంగా ఉంటే గుడ్, దోషి దాని తర్వాతి సగంలో ఉన్నట్టు. నెమ్మదిగా ఉంటే బ్యాడ్, దోషి అక్కడే గానీ దానికి ముందు గానీ ఉన్నట్టు. మిగిలిన సగంలో మళ్లీ నడిమిది. ఒకటే మిగిలేదాకా ఇంతే.

"ఓస్, చేన్లో పైపు పగిల్తే మీ నాయన నడిమిన తవ్వి చూసేది ఇట్లనే గదా," అంది అమ్మ. "దీనికా నాలుగేండ్లు చదివితివి?"

మా అమ్మ కృష్ణమ్మగారికి కంపెనీలో లీడ్ పదవి ఇవ్వాలి. ఆ పదవి ఖాళీగానే ఉంది. దాని కోసం బావ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తున్నాడు.

నవంబర్ 10, సోమవారం

గుడ్. గుడ్. గుడ్. గుడ్.

ఒక్కో కెర్నల్ కట్టడానికి గంట పైనే. టెస్ట్ మిషన్ చాలా పాతది. నాతో మాట్లాడినట్టే కార్తికేయన్ దానితోనూ ప్రేమగా మాట్లాడతాడు, కొత్తది మాత్రం కొనడు. గంటకోసారి నా కుర్చీ దగ్గరికొచ్చి, "యారమ్మా?" అంటాడు. ఎవరమ్మా అని. ఇంకా ప్రపంచం వాళ్ల ప్యాచ్‌ల్లోనే ఉన్నాను సార్ అంటే మొహం వాడిపోతుంది. ఎక్కడో చలిదేశంలో కూర్చున్న మనిషి దోషి అయితే ఈయన అప్రైజల్లో ఎవరికి మార్కులు తగ్గించాలి?

నవంబర్ 12, బుధవారం

దోషి ప్రపంచంలో లేడు, మా వందలోనే ఉన్నాడు. కార్తికేయన్ స్వీట్లు పంచడం ఒక్కటే తక్కువ.

మధ్యాహ్నం మా ప్యాచ్‌ల్లో నడిమిదాన్ని తీస్తే, బావది.

ఒక బొమ్మ ఎన్నిసార్లు చదవబడిందో లెక్కపెట్టే కౌంటర్. కార్తికేయన్ గోడమీది టీవీలో అంకెలు తిరుగుతూ కనబడాలని అడిగితే బావ ఆగస్టులో రాశాడు. ప్రతి ప్యాచ్ కిందా రెండు పేర్లుండాలని మా రూలు. రాసినవారు, పరీక్షించినవారు. దీని కింద, రాసినవారు: రఘు. పరీక్షించినవారు: మనస్వి.

నేను పరీక్షించలేదు. అక్క కూతురికి చెవులు కుట్టించిన రోజు అది. పాప నా ఒళ్లో గుక్కపెట్టి ఏడుస్తోంది. పట్టుపంచెలో ఉన్న బావ ఫోన్ పట్టుకుని వంగి, "పాపా, ప్యాచ్‌కింద నీ పేరు ఏసుకుంటా" అన్నాడు. సరే బావా అన్నాను. వచ్చినవాళ్లకు తాంబూలం సంచీ ఇచ్చినట్టు ఇచ్చాను నా పేరు. ఇంటి అల్లుడు అడిగితే ఇవ్వకుండా ఉంటామా? రేపు నా ప్యాచ్‌కు ఆయన ఇస్తాడు. ఇచ్చాడు కూడా, రెండుసార్లు.

ఇప్పుడు దాన్ని కట్టి కొలవడమంటే ఇంటి అల్లుణ్ని గేటు దగ్గర ఆపి జేబులు తడమడం. పైగా కింద నా పేరే ఉంది. నా పేరు ఉన్నదాన్ని నేనే అనుమానించడం ఏం మర్యాద? కౌంటర్ అంటే ఒకటి కూడటం. ఒకటి కూడితే ఎవడైనా నెమ్మదిస్తాడా? గంట మిగులుతుంది.

గుడ్ అని కొట్టేశాను.

నవంబర్ 13, గురువారం

బ్యాడ్. బ్యాడ్. బ్యాడ్.

నవంబర్ 14, శుక్రవారం

బ్యాడ్. బ్యాడ్. అయిపోయింది. ఒకటే మిగిలింది.

బావ ప్యాచ్‌కు సరిగ్గా పక్కన ఉన్నది. ఎస్తేర్‌ది.

ఎస్తేర్ చేసిన ఘోరం ఇది. డిస్కు పాడైనప్పుడు తెరమీద వచ్చే సందేశంలో "డిస్కు తప్పు" అని ఉన్నచోట, ఏ డిస్కో కూడా రాయించింది. ఒక్క వాక్యం. అదీ డిస్కు పాడైతేనే బయటికొస్తుంది. మా టెస్ట్‌లో ఏ డిస్కూ పాడవలేదు. అంటే ఎన్నడూ నోరు తెరవని ఒక వాక్యం పెట్టెను పద్నాలుగు శాతం నెమ్మది చేసింది.

కాసేపు తెరవైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత చదువుకున్నవాళ్లు చేసే పని చేశాను. దీనికొక సిద్ధాంతం రాశాను. వాక్యం పొడవైంది. పొడవైతే వెనకున్నవన్నీ కొన్ని బైట్లు పక్కకు జరుగుతాయి. జరిగితే, మాటిమాటికీ వాడే ఏదో ఒకటి చెడ్డచోట పడుతుంది. పడితే నెమ్మదిస్తుంది. ఇలా నిజంగానే జరుగుతుంది, నేను అబద్ధం రాయలేదు. దారినపోయేవాడి నెత్తిన కొబ్బరికాయ పడటం కూడా నిజంగానే జరుగుతుంది. రెండు పేజీలు వచ్చింది. బొమ్మలు కూడా గీశాను.

కార్తికేయన్‌కు బొమ్మలు చాలా నచ్చాయి. "నాకు మొదట్నించీ అనుమానమే," అన్నాడు. ఏమని అనుమానమో అడగలేదు.

నవంబర్ 17, సోమవారం

ఎస్తేర్ కడంబత్తూరులో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. నా రెండు పేజీలతో టీమ్‌కు వెళ్లిన మెయిల్ చదివింది. అరుస్తుందని సిద్ధపడి ఉన్నాను. అరవలేదు.

"మనస్వీ, ఒకటి అడగొచ్చునా?"

"అడుగు."

"నా ప్యాచ్ ఒకదాన్నే తీసేసి చూసినావా?"

ఇది అందరికంటే ముందు చేయాల్సిన పని. దోషి దొరికాడంటే, ఆ ఒక్కణ్నీ బయటికి పంపి, వేగం తిరిగొచ్చిందా అని చూడాలి. కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. నేను బొమ్మలు గీసే పనిలో ఉన్నాను.

"చూస్తా," అన్నాను.

"నా పేరు పర్మనెంట్ లిస్టులో ఆపి పెట్టినారంట. ఈ సంగతి తేలినాకనే అంట. మాయమ్మకి ఇంకా చెప్పలే," అంది. "ఆయమ్మ సాక్ష్యం చెప్పేసింది గదా. చెప్పిన సాక్ష్యాన్ని యాడికి పొయ్యి వాపసు తీసుకునేది?"

తిరువళ్ళూరులో బావ ఎక్కాడు. మా ఇద్దరి మొహాలూ చూసి, కిటికీలోంచి చూస్తూ, చెంబరంబాక్కం చెరువు నీళ్లు మద్రాసుకు సరిపోతాయా లేదా అని దేశచింతన మొదలుపెట్టాడు.

నవంబర్ 18, మంగళవారం

ఎస్తేర్ ప్యాచ్ తీసేసి కొలిచాను. అదే నెమ్మది. బియ్యపుగింజంత తేడా లేదు.

అప్పుడు అర్థమైంది. నిజానికి గురువారమే అర్థమైంది, అర్థం కానట్టు నటించడానికి రెండు పేజీలు రాశాను. వరుసగా బ్యాడ్, బ్యాడ్, బ్యాడ్ వస్తూ వచ్చి ఒక గుడ్ పక్కన ఆగిందంటే, అనుమానించాల్సింది ఆ గుడ్‌నే. దోషిని మంచివాడని పక్కన కూర్చోబెడితే, వేలు వెళ్లి వాడి తర్వాతి కుర్చీలో ఉన్నవాళ్లను చూపిస్తుంది. ఆ కుర్చీలో ఎవరు కూర్చుని ఉంటే వాళ్లు. ఈసారి ఎస్తేర్ కూర్చుని ఉంది.

బావ ప్యాచ్ తీసేశాను. కట్టాను. కొలిచాను.

పద్నాలుగు శాతం తిరిగొచ్చింది. ఒకటి కూడటమే. కానీ మిషన్‌లో ఉన్న ప్రాసెసర్లన్నీ ప్రతి బొమ్మకూ ఆ ఒక్క అంకెకే ఒకటి కూడాలి. రేషన్ షాపులో ఒకే వేలిముద్ర మిషన్ ముందు ఊరంతా నిలబడ్డట్టు నిలబడి ఉన్నాయి. ఎంత పని జరుగుతోందో లెక్కపెట్టడం వల్ల పని జరగడం లేదు. మా ఆఫీసు గురించి ఇంత చక్కగా ఎవరూ చెప్పలేరు.

నవంబర్ 19, బుధవారం

ఈరోజు ఏమీ జరగలేదు. నేనూ ఏమీ చేయలేదు.

నవంబర్ 20, గురువారం

సాయంత్రం ఎస్తేర్ ముందు రైలుకు వెళ్లిపోయింది. బావతో ఒంటరిగా మాట్లాడటానికి వీలు దొరికింది. ఒంటరిగా అంటే చుట్టూ రెండొందలమంది తమిళంలో ఫోన్లు మాట్లాడుతుండగా.

చెప్పాను. విన్నాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మీ అక్కతో చెప్పినావా?"

"లేదు బావా."

"కార్తికేయన్‌తో?"

"లేదు."

బావ భుజాలు కిందికి దిగాయి. "నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నిందే," అన్నాడు. తర్వాత, "నువ్వు టెస్ట్ చేస్తావు గదా అని నేను పెద్ద మిషన్‌లో చెయ్యలా."

"మీరు రాసినారు గదా అని నేను చెయ్యలా."

ఇద్దరమూ కొంచెంసేపు ఒకరి మీద ఒకరికున్న నమ్మకాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నాం.

పట్టాభిరాం దాటేసరికి ఆయన తేరుకున్నాడు. "ఒక పని చేస్తాం. రిలీజ్ పోనీ. పద్నాలుగు పర్సెంటుకి ఎవురూ చచ్చిపోరు. జనవరిలో నేనే కౌంటర్‌ని ప్రాసెసర్‌కి ఒకటిగా విడదీసి కొత్త ప్యాచ్ పంపిస్తా. పద్నాలుగు పర్సెంట్ ఇంప్రూవ్‌మెంట్ అని ఉంటాది. కింద నీ పేరే ఏస్తా."

మెచ్చుకోవాల్సిందే. ముందు నెమ్మది చేయడం, తర్వాత వేగం చేయడం, మధ్యలో లీడ్ అవడం. మూడింటికీ జీతం.

"ఎస్తేర్?"

"ఆ పిల్లకేం పాపా, చురుకైంది. యాడైనా దొరుకుతాది పని. గుమ్మిడిపూండిలో వాళ్ల పాత ఫ్యాక్టరీ ఉండనే ఉండాది." కాస్త ఆగి, "నా మీద నీకు కోపమా?" అన్నాడు. అది మాత్రం నిజంగానే అడిగాడు. ఆ గొంతు విని నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకు కోపం వచ్చింది.

ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది?

నవంబర్ 21, శుక్రవారం

మళ్లీ కొలిచాను. మొదటిసారి పొరపాటు పడి ఉండొచ్చు కదా. పడలేదు.

సోమవారం చూద్దాం.

నవంబర్ 23, ఆదివారం

తిరువళ్ళూరులో అక్కవాళ్లింట్లో భోజనం. అమ్మ తిరుత్తణి నుంచి నాటుకోడి కోయించి డబ్బాలో తెచ్చింది. అల్లుడికి బజారు కోడి అరగదని అమ్మ నమ్మకం. ఆఫీసు క్యాంటీన్‌లో ఆయన తినేవి చూస్తే అమ్మకు నమ్మకాల మీదే నమ్మకం పోతుంది.

బావ అక్కకు చెప్పేశాడు. అక్క అమ్మకు చెప్పేసింది. కంపెనీ రహస్యం కారంపొడి పక్కన కూర్చుని ఉంది.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "మనూ, ఆయన రాత్రంతా నిద్రపోలా. లీడ్ అవుతాడని నేను ఇంటిపక్క వాళ్లందరికీ చెప్పేసినా. నువ్వు నోరు తెరిస్తే నేను ఈ వీధిలో ఎట్ల తిరిగేది?"

"ఎస్తేర్ వాళ్లమ్మ కూడా అందరికీ చెప్పేసిందక్కా."

"ఆ పిల్ల మనకేమైతాది?"

అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అంది. "ఆయప్ప నీకు పని ఇప్పించినాడు మే. నలుగురిలో ఆయప్ప తల దించుకునేట్ల చెయ్యాకు. నేను అడిగేది అదొక్కటే."

నాకు ఒళ్లు మండింది. ఇంతవరకు దేనికీ అమ్మ నన్ను ఏమీ అడగలేదు. మొదటిసారి అడిగింది ఇది. కోడికూర రెండోసారి వేయించుకుని తిన్నాను. బాగుంది. అదే బాధ.

నవంబర్ 24, సోమవారం

కడంబత్తూరులో ఎస్తేర్ ఎక్కలేదు. మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి, హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లి, బయటికి వచ్చి తన సీట్లో కూర్చుంది. నావైపు చూసి తల ఊపింది. మామూలుగా. మామూలుగా ఊపడం నేను తట్టుకోలేకపోయాను.

నవంబర్ 25, మంగళవారం

పంపేశాను.

టీమ్ మొత్తానికి, కార్తికేయన్‌కు, హెచ్‌ఆర్‌కు కూడా. అంకెలన్నీ పెట్టాను. బొమ్మలు గీయలేదు. ఎస్తేర్ ప్యాచ్‌కూ ఈ నెమ్మదికీ సంబంధం లేదు. కారణం కౌంటర్. ఆ కౌంటర్‌ను నేను పరీక్షించానని ఉంది, పరీక్షించలేదు. వెతికేటప్పుడు కూడా పరీక్షించకుండానే గుడ్ కొట్టాను. పద్దెనిమిదో తేదీ నుంచి నాకు ఈ సంగతి తెలుసు.

చివరి వాక్యం రాసి, తీసేసి, మళ్లీ రాశాను. ఎవరైనా అడుగుతారని భయం. ఎవరూ అడగరని ఇంకా భయం.

బటన్ నొక్కాక క్యాంటీన్‌కు వెళ్లి రెండు వడలు తిన్నాను.

నవంబర్ 26, బుధవారం

నేను పిడుగు వేశాననుకున్నాను. జవాబుగా పూలవాన కురిసింది.

ముందుగా బావ. పంపిన పావుగంటలోపలే అందరికీ మెయిల్ పెట్టాడు. "అద్భుతంగా పట్టుకున్నావు మనస్వీ! ఈ తప్పు పూర్తిగా నాది. బాధ్యత నేను తీసుకుంటున్నాను." చుట్టూ చప్పట్ల బొమ్మలు. నేను పంపిన మెయిల్‌కు ఒక్క బొమ్మ రాలేదు. సాయంత్రం కార్తికేయన్ అందర్నీ నిలబెట్టి, తప్పును ఒప్పుకునే ఈ గుణమే నాయకుడి లక్షణం అన్నాడు. బావ తల దించుకున్నాడు, వినయంగా. అమ్మ భయపడిన తల దించుకోవడం ఇది కాదు. లీడ్ ఎవరో వచ్చే వారం చెబుతారట. చెప్పేందుకు ఇంకేం మిగిలింది?

కౌంటర్ ఎవరు అడిగితే పుట్టిందో ఎవరికీ గుర్తుకురాలేదు. గోడమీది టీవీలో అంకెలు తిరుగుతూనే ఉన్నాయి.

కార్తికేయన్ గదిలోకి వెళ్లి ఎస్తేర్ సంగతి అడిగాను. ఆయన చాలా బాధపడ్డాడు. "పర్మనెంట్ లిస్టు శుక్రవారం సాయంత్రమే పైకి పోయిందమ్మా. ఇంకొక ఆరు నెలలు కాంట్రాక్టు పొడిగించినాం, ఇప్పుడేం చేసేది? నువ్వు శుక్రవారం లోపల చెప్పింటే..."

శుక్రవారం నేను రెండోసారి కొలుస్తున్నాను.

నవంబర్ 27, గురువారం

అమ్మకు అక్క ఫోన్ చేసింది. బావకు ఏమీ కాలేదని, పైగా మంచి పేరొచ్చిందని. అమ్మ దీపం పెట్టి వచ్చి, "చూసినావా, నిజం చెప్తే మంచే జరుగుతాది," అంది. చెప్పొద్దని ఈమె నన్ను వేడుకుని నాలుగు రోజులైంది.

నవంబర్ 28, శుక్రవారం

పెట్టెలు ఆసుపత్రులకు బయల్దేరాయి, కౌంటర్ లేకుండా. పోస్టర్లో రాసిందే చివరికి నిజమైంది.

సాయంత్రం ఎస్తేర్, నేను ఒకే రైలు. బావ లీడ్ అవుతున్న సంబరంలో ఆఫీసులోనే ఉండిపోయాడు. తిరునిన్రవూరులో కూరగాయల బుట్టలవాళ్లు దిగాక సీటు దొరికింది. పక్కపక్కన కూర్చున్నాం.

"పొన్నమ్మగారికి చెప్పినావా?" అన్నాను.

"చెప్పినా. ఆదివారం పొయ్యి ఇంకో సాక్ష్యం చెప్తాదంట. దేవుడు ఆలస్యం చేసినా మరిచిపోడు అని." ఎస్తేర్ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "అట్లనే చెప్పమన్నా. ఇంకేమని చెప్పేది?"

"ఎస్తేర్, నన్ను క్షమించు. బావ అని, అమ్మ అని... చెప్పేకి నాకు ధైర్యం రాలే."

నావైపు తిరిగి చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నువ్వు మంచిదానివే మనస్వీ. నేనేమీ అనను. వారం ముందు మంచిదానివి అయ్యింటే సరిపోయిండేది."

కడంబత్తూరు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని దిగిపోయింది. తిరువాలంగాడు, అరక్కోణం, తిరుత్తణి. ఏడ్చానని రాసుకోవడానికి సిగ్గేస్తోంది. ఏడ్చాను.

డిసెంబర్ 3, బుధవారం

ఎస్తేర్ కొత్త ప్యాచ్ పంపింది. కౌంటర్‌ను ప్రాసెసర్‌కు ఒకటిగా విడదీసింది. బావ జనవరిలో రాస్తానన్నది. లీడ్‌కు తీరిక లేక ఆమెకు అప్పగించాడు.

రాసినవారు: ఎస్తేర్. పరీక్షించినవారు అన్నచోట ఖాళీగా ఉంది. టీమ్‌లో అందరికీ ఒక్కొక్కరికీ పేరుపేరునా పంపి, పరీక్షించగలరా అని అడిగింది. నన్ను అడగలేదు.

పాత మిషన్ ఖాళీగా ఉంటే కట్టాను. కొలిచాను. ఆపి, మళ్లీ కొలిచాను. బావుంది. ఎక్కడా నెమ్మది లేదు. ఇన్నేళ్లలో నేను నిజంగా, మొదటినుంచి చివరిదాకా పరీక్షించిన ప్యాచ్ ఇదొక్కటే.

అంకెలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరూ అడగలేదు.